ముద్దాయి పక్క కుర్చీ

జూలై 27, ఆదివారం. డుంబ్రిగుడ

ఈ డైరీ కొని రెండేళ్లయింది. మొదటి పేజీలో రత్న అని నా పేరు, రెండో పేజీలో బ్లడ్ గ్రూపు, అంతే. ఇవాళ రాయకపోతే మాత్రం నిద్ర పట్టేలా లేదు. నాకు కేసు వచ్చింది! ముప్పై దాటాక మొదలెట్టిన లా, ఫైనల్ ఇయర్ ఫలితాలే ఇంకా రాలేదు, నల్లకోటు కుట్టించలేదు, ముద్దాయి మాత్రం వచ్చేశాడు. ముద్దాయి ఎవరో కాదు, నా తమ్ముడు ఫల్గుణ.

పొద్దున్నే ఫోన్ చేసి, "అక్కా, నా మీద కోర్టు మార్షల్ పెడతన్నారు," అన్నాడు, ఇవాళ మెస్సులో పప్పు వండారు అన్నంత తాపీగా. అమ్మకి చెప్పొద్దన్నాడు. సాయంత్రానికల్లా ఊరికి వెళ్లి చెప్పేశాను.

మా లెక్చరర్ నేర్పినట్టు ముందు వాస్తవాలు రాసుకుంటాను. ఫల్గుణ ఆర్మీలో నాయక్. చేతి మీద రెండు పట్టీలు, పదమూడేళ్ల సర్వీసు. మే నెలలో సెలవు మీద ఊరికి వచ్చాడు. జూన్ నాలుగున యూనిట్లో ఉండాలి. జూన్ ఒకటిన మా ఊళ్లో దిశారి ఊరు కట్టేశాడు. ఇది వాడి యూనిట్ కల్నల్ గారికి ఎలా చెప్పాలో ఇప్పుడే సాధన చేస్తున్నాను: సార్, దిశారి అంటే మా ఊరి పూజారీ, జ్యోతిష్కుడూ, సగం డాక్టరూ. ఊరు కట్టడమంటే పిల్లలకి జ్వరాలు వచ్చినప్పుడు దారికి అడ్డంగా పసుపు తాడు కట్టి, జ్వరం పోయేదాకా లోపలివాళ్లు బయటికీ, బయటివాళ్లు లోపలికీ రాకుండా చెయ్యడం. ఫల్గుణ లోపల ఉండిపోయాడు, నేను ఇక్కడ డుంబ్రిగుడలో, బయట. మా ఊళ్లో ఫోన్ సిగ్నల్ దొరికేది ఒక్క గుట్ట మీదే, ఆ గుట్ట తాడుకి అవతల ఉంది. జూన్ ఇరవై ఎనిమిదిన తాడు విప్పారు. ఆ పూటే బయల్దేరాడు. ముప్పైన చేరాడు. ఇరవై ఆరు రోజులు ఆలస్యం. రెండేళ్ల కిందట నాన్న పోయినప్పుడు ఆరు రోజులు ఆలస్యమై, వాడి కాగితాల్లో అప్పుడే ఒక ఎర్రసిరా మచ్చ పడింది. ఇది రెండోది. ఉద్యోగం పోవచ్చు. జైలు కూడా పడొచ్చు.

రాలేకపోతున్నానని వాడు యూనిట్‌కి రాసిన కవరు ఒకటుంది. ఊరి పక్క వాగుకి, అదే మా గెడ్డకి, అవతల నిలబడి, రాయి కట్టి నాకు విసిరాడు, పంపమని. పోస్టులో ఎక్కడో పోయింది. ఎన్ని పోవడం లేదు!

జూలై 28

రమణమూర్తి గారి జిరాక్స్ షాపులో సెలవుల్లో పని చేస్తున్నందుకు మొదటిసారి సంతోషించాను. ఆయన విజయనగరం వైపు మనిషి. పదిహేడేళ్లు ఆర్మీలో గుమస్తా. అడగ్గానే మిషను ఆపేసి బల్ల మీద సుద్దముక్కలు పరిచాడు.

"సూడు రత్నమ్మా. అయిదుగురు ఆఫీసర్లు కూకుంటే జనరల్ కోర్టు మార్షల్. ఒక్కొక్కలికీ మూడేళ్ల సర్వీసుండాల, నలుగురు కెప్టెన్‌కి తక్కువుండకూడదు. పక్కన చట్టం తెలిసిన ఆఫీసరొకడు. ఎంత పెద్దోడినైనా ఇచారించొచ్చు, ఉరి దాకా ఎయ్యొచ్చు." రెండు సుద్దముక్కలు తీసేశాడు. "ముగ్గురు కూకుంటే డిస్ట్రిక్ట్. రెండేళ్ల సర్వీసు సాలు. జవాన్ల మీదే నడుస్తాది, రెండేళ్ల జైలు దాకా ఏస్తారు. మళ్లీ ముగ్గురే, కానీ యుద్ధం కాడ బేగి తేల్చీయాలంటే దాన్ని సమ్మరీ జనరల్ అంటారు."

"మా ఫల్గుణకి ఏది?"

ఇంకో రెండు తీసేశాడు. బల్ల మీద ఒక్క సుద్దముక్క మిగిలింది.

"సమ్మరీ కోర్టు మార్షల్. కమాండింగ్ ఆఫీసరొక్కడే. ఆయనే కోర్టు. ఏడాది దాకా జైలు, ఉద్యోగం పీకీడం, రెండూ ఆయన సేతిలోనే. పెద్ద కోర్టుల్లో పలానా ఆఫీసరు నాకొద్దు అని ముద్దాయి అనొచ్చు. ఇక్కడ ఉన్నదే ఒకడు, ఆడిని వద్దంటే ఇంకెవుడుంటాడు?"

పక్కన ఇంకో ఇద్దరు కూర్చుంటారట, ఆఫీసర్లో సుబేదార్లో. వాళ్లకి ప్రమాణం లేదు, ఓటు లేదు. మొదటి నుంచి చివరి దాకా చూస్తూ ఉండటమే పని. ఎంత బాగుంది! ఇలాంటి ఉద్యోగం ఒకటుందని మా కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

అసలు సంగతి చివర్న చెప్పాడు. ముద్దాయి తన పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకోవచ్చు. వకీలే కానక్కర్లేదు, ఎవరైనా సరే. ‘ముద్దాయి స్నేహితుడు’ అంటారట. ఎవరైనా అంటే అక్క కూడా! నేను షాపులోనే గెంతాను. జిరాక్సుకి వచ్చిన పంచాయతీ ఆయన భయపడ్డాడు.

"గెంతకు," అన్నాడు మూర్తిగారు. "స్నేహితుడు ముద్దాయి సెవిలో సలహా సెప్పొచ్చు. కోర్టుతో ఒక్క ముక్క మాటాడకూడదు. నువ్వుండగలవా?"

ఉండగలను. ఎందుకు ఉండలేను?

జూలై 29

నేరం పేరు: తగిన కారణం లేకుండా సెలవు దాటి ఉండిపోవడం. తగిన కారణం లేకుండా! కేసంతా ఈ మూడు మాటల్లో ఉంది. కారణం చూపిస్తే నేరమే లేదు. చూపిస్తాను!

జూలై 31

నర్సమ్మ తవిటమ్మని పట్టుకున్నాను. జూన్‌లో మూడుసార్లు తాడు దాకా వచ్చి, అవతల నిలబడ్డ ఫల్గుణకి మాత్రలు ఇచ్చిందట, ఇంటింటికీ పంచమని. ఊళ్లో రోజుకి రెండు పూటలా మాత్రలు మింగించింది వాడే. ఆవిడ రిజిస్టర్లో తారీకులతో సహా ఉంది. "మీ గుంటడు లేకపోతే ఆ ముసిలోళ్లు మాత్రలు మింగుదురేటి?" అంది. రిజిస్టరు నకలు తీసి సంతకం పెట్టించాను. సాక్ష్యం! నా ఫైలులో మొదటి కాగితం. ఇంటికి వచ్చే దారంతా దాన్నే చూసుకుంటూ నడిచి ఒకసారి గోతిలో కాలు పెట్టాను.

ఆగస్టు 2

ఊరికి వెళ్లాను. మా ఊరి నాయుడు, అంటే ఊరి పెద్ద, గాసి మామ. తగువులు తీర్చేది ఆయనే. ఆర్మీ కోర్టుల రకాలన్నీ గింజలు పేర్చి మరీ చెప్పాను. అమ్మా, దిశారి తాతా అందరూ చుట్టూ కూర్చున్నారు. దిశారి తాతకి డెబ్బై దాటాయి, చెవులు మాత్రం పదునే.

"ఒక్కడేటి, కోర్టేటి?" అన్నాడు గాసి మామ. మా కోర్టులో నాయుడుండాలి, దిశారుండాలి, కబురు చెప్పే బారికుండాలి, ముద్దాయి మేనమామ ఉండాలి. తక్కిన ఊరంతా ఉంటుంది. ఇది ఏ రకం కోర్టో మూర్తిగారిని అడగాలి.

అప్పుడు నాకు ఒక భయం పట్టుకుంది. మా కోర్టులో తగువు మొదలయ్యేదే ముద్దాయి ఒప్పుకోవడంతో. ముందు లేచి నాదే తప్పు అనాలి. అలా అంటేనే మనిషి కింద లెక్క. అన్నాక గాసి మామ "ఎందుకు సేసినావు?" అని అడుగుతాడు. అక్కడి నుంచి తెల్లారేదాకా వింటారు. ఒప్పుకోనివాడిని ఎవరూ ఏమీ అడగరు, చుట్ట వెలిగించుకుని లేచిపోతారు.

ఆర్మీలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఒప్పుకుంటే సాక్షుల్ని పిలవరు. కారణం లేదని వాడే ఒప్పుకున్నట్టు. ఇక శిక్షే మిగులుతుంది.

ఫల్గుణ పదమూడేళ్లు ఆర్మీలో ఉన్నా, పెరిగింది గాసి మామ అరుగు కిందే.

ఆగస్టు 5

ఫోన్‌లో వాడి చేత కాగితాలన్నీ చదివించాను. విచారణకి ముందు సాక్షుల మాటలు రాసుకుంటారు కదా, అందులో గుమస్తా హవల్దార్ ఇలా చెప్పాడట: నాయక్ ఫల్గుణ నుంచి ఉత్తరం గానీ ఫోను గానీ రాలేదు. ఇతన్ని ఏమైనా అడుగుతావా అంటే, అడగను అన్నాడట నా తమ్ముడు.

"కవరు సంగతి ఎందుకు చెప్పలేదురా?"

"నీ పరీక్షలు కదా అప్పుడు. మరిసిపోయుంటావు. లాయరమ్మవి అవుతున్నావు, నీ పేరు ఆ కాగితాల్లో ఎందుకులే అక్కా."

అవును. పరీక్షలు. మర్చిపోయాను. పోస్టులో పోయిందని వాడితో నేను ఎప్పుడూ అనలేదు, ఈ డైరీలో రాసుకున్నానంతే. మర్చిపోయాను. నాలుగు పేపర్లు రాసి, అయిదో పేపరుకి చదువుతూ ఎవరైనా మర్చిపోతారు.

ఆగస్టు 7

కల్నల్ గారు ఒప్పుకున్నారు! అక్క పక్కన కూర్చోవచ్చట! మూర్తిగారు టికెట్ తీశారు. అమ్మ చోడి పిండి, అంటే రాగి పిండి, కట్టింది, రెండు మూటలు. ఒకటి కల్నల్‌కట. వద్దంటే వినదు.

ఆగస్టు 10, రైల్లో

విశాఖ దాటి ఇంతదూరం ఎప్పుడూ రాలేదు. కిటికీ వదలబుద్ధి కావడం లేదు. ఎదుటి సీటు ఆవిడకి నాలుగు రకాల కోర్టులూ చెప్పాను. ఆవిడ ఇద్దరు కొడుకులకి కూడా చెప్పాను. చిన్నవాడు పై బెర్తు ఎక్కి పడుకున్నాడు.

ఆగస్టు 11, రైల్లో

కవరు నా దగ్గరే ఉంది.

రాసేశాను. సాక్ష్యాల చట్టం పుస్తకంలో, నూట పన్నెండో పేజీ దగ్గర ఉంది. రోజూ పుస్తకం తెరిచి, ఆ పేజీ దాటి తిప్పుతున్నాను. మర్చిపోలేదు. పోస్టులో పోలేదు. ఆ రోజు గెడ్డ ఒడ్డునే విప్పి చదివాను. వాడి హిందీలో, పెద్ద పెద్ద అక్షరాలతో, దిశారి ఊరు కట్టాడు సాబ్ అని రాశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఆఫీసర్లు ఒకరికొకరు చూపించుకుని నవ్వుతారనుకున్నాను. అడవి మనుషులు, తాడు చూసి ఆగిపోయారు అనుకుంటారనిపించింది. నేను మంచి ఇంగ్లీషులో రాసి పంపుదామనుకున్నాను. అంటువ్యాధి నియంత్రణ, కట్టడి ప్రాంతం, తదుపరి చర్య నిమిత్తం. మొదటిది బాగాలేదు. రెండోదానిలో సెక్షను తప్పు. మూడోది రాసేసరికి పరీక్ష. అయిదు రాశాను. అయిదూ ఫైల్లో ఉన్నాయి. అయిదోది నిజంగా బాగుంటుంది.

ఒక్క ఫోన్ చేసినా సరిపోయేది. డుంబ్రిగుడలో సిగ్నల్‌కి ఏం లోటు?

ఆగస్టు 12

ఫల్గుణని చూశాను. చిక్కాడు. నన్ను చూడగానే నవ్వి, మూట విప్పి చోడి పిండి వాసన చూశాడు. యూనిట్ ఉన్న ఊరి పేరు ఇందులో రాయొద్దని చెప్పాడు, రాయను. వందసార్లు చెప్పాను, నాట్ గిల్టీ అనరా అని. "ముందు ఒప్పుకుంటేనే కదా అక్కా ఎందుకని అడుగుతారు," అన్నాడు. నేను భయపడ్డదే! ఇక్కడ అలా కాదురా అని మళ్లీ మొదట్నుంచి చెప్పాను. తల ఊపాడు. వాడు తల ఊపాడంటే వినలేదని అర్థం.

కవరు సంగతి చెబుదామని నోరు తెరిచాను. గార్డు వచ్చి టైమైపోయిందన్నాడు.

టైమైపోలేదు. ఇంకా పది నిమిషాలుంది.

ఆగస్టు 13, బుధవారం

వరసగా రాస్తాను, లేకపోతే కలగాపులగం అయిపోతుంది.

మామూలు గది. పైన ఫ్యాను, గోడకి మ్యాపు. బల్ల వెనక కల్నల్ గారు, ఒక్కరే. నెరిసిన మీసం, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. పక్కన ఇద్దరు, ఒక కెప్టెన్, ఒక సుబేదార్ మేజర్. చూసేవాళ్లు! నేను వాళ్లిద్దర్నే చూస్తున్నాను, నిజంగా ఏమీ చెయ్యకుండా చూస్తారా అని. నిజంగానే చూస్తున్నారు. ఫల్గుణ టోపీ, బెల్టు లేకుండా నిలబడ్డాడు. పక్కన నా కుర్చీ.

నేరం చదివారు. గిల్టీనా, నాట్ గిల్టీనా?

"గిల్టీ, సాబ్."

నేను వాడి చొక్కా పట్టి లాగాను. వాడు కదల్లేదు. కల్నల్ గారు కళ్లద్దాల పైనుంచి నన్ను చూశారు. ఒప్పుకుంటే ఏమవుతుందో ఫల్గుణకి నెమ్మదిగా హిందీలో వివరించారు. వాడు మళ్లీ గిల్టీ అనే అన్నాడు. సంతకం పెట్టమన్నారు. పెట్టాడు. నా నోట్లో వంద మాటలు తిరుగుతున్నాయి, ఒక్కటీ బయటికి రాకూడదు. పుట్టినప్పటి నుంచి ఇంతసేపు నోరు మూసుకున్నది ఇదే మొదలు.

కాగితాలు చదివాక, "నువ్వేమైనా చెప్పుకుంటావా?" అన్నారు.

ఫల్గుణ ముఖం వెలిగింది. వాడు ఎదురు చూస్తున్న ప్రశ్న అదే! "మా ఊరికి జ్వరం వచ్చింది సాబ్. దిశారి ఊరు కట్టాడు. తాడు దాటలేదు సాబ్."

ఎవరూ నవ్వలేదు. సుబేదార్ మేజర్ కూడా.

"సరే. ఒక్క ముక్క రాసి పంపొచ్చు కదా? ఎందుకు పంపలేదు?"

ఫల్గుణ బూట్లు చూసుకున్నాడు. ఫ్యాను తిరుగుతోంది. ఎంతసేపని చూసుకుంటాడు! ఆ మౌనానికి వాడి ఉద్యోగం పోతుంది, నా పేరు మిగులుతుంది. నేను పుస్తకం తెరిచి, నూట పన్నెండో పేజీలోంచి కవరు తీసి, పక్క నుంచి వాడి చేతిలో పెట్టాను.

"నేను మర్చిపోలేదురా. దాచాను," అన్నాను వాడి చెవిలో. "సిగ్గేసి దాచాను. ఇచ్చీ."

వాడు కవరు చూశాడు. నన్ను చూశాడు. "వద్దక్కా," అన్నాడు.

"ఇక్కడ నేను నీ అక్కని కాదు. సలహా చెప్పడానికి కూర్చున్నాను. ఇదే నా సలహా. ఇచ్చీ!"

"ఏమిటది?" అన్నారు కల్నల్ గారు. వాడు ఇచ్చాడు.

ఆయన గట్టిగా చదివారు. అందులో ఉన్నది ఇంతే: సాబ్, మా ఊరికి జ్వరం వచ్చింది. దిశారి ఊరు కట్టాడు. నేను ఇప్పుడు తాడు దాటి వస్తే జ్వరం నాతోపాటు బారక్‌కి వస్తుంది. నా సెక్షన్‌లో పదిమంది ఉన్నారు. అందుకని ఆగాను. తాడు విప్పిన రోజే బయల్దేరతాను. మాత్రలు నేనే పంచుతున్నాను. నాయక్ ఫల్గుణ.

నేను ఆ రోజు రెండో వాక్యం దగ్గరే ఆగిపోయాను. బారక్ సంగతి, పదిమంది సంగతి ఇవాళే విన్నాను.

కల్నల్ గారు కలం తీశారు. ముద్దాయి తను ఒప్పుకున్నదేమిటో అర్థం చేసుకోకుండా ఒప్పుకున్నాడని, దాన్ని నాట్ గిల్టీగా మారుస్తున్నానని చెప్పి రాశారు. అలా రాసే అధికారం ఆయనకి ఉంది! చదివాను నేను, నా కళ్ల ముందు జరుగుతుంటే మాత్రం ఏడుపు వచ్చేసింది. గుమస్తా హవల్దార్‌ని పిలిచి అడిగారు. తర్వాత నా వైపు తిరిగారు.

నేను ముద్దాయి పక్క కుర్చీలోంచి లేచి, సాక్షి నిలబడే చోటికి నడిచాను. నాలుగడుగులు. ప్రమాణం చేశాను.

"ఈ కవరు మీకు ఎప్పుడు అందింది?"

"జూన్ రెండున."

"పంపారా?"

"లేదు."

"మీ తమ్ముడికి తెలుసా?"

"ఈ గదిలోకి వచ్చేదాకా తెలియదు."

ఎందుకని అడగలేదు. నేను సిద్ధంగా ఉన్నాను, ఆయన అడగలేదు. తవిటమ్మ రిజిస్టరు నకలు తీసుకుని తారీకులు చూశారు. చివరికి అన్నారు: "ఈ ఉత్తరం జూన్‌లో నా బల్ల మీదికి వచ్చి ఉంటే సెలవు పొడిగించేవాణ్ణి. ఈ రోజు మనం ఎవరం ఇక్కడ కూర్చునేవాళ్లం కాదు."

నాట్ గిల్టీ. ఫల్గుణకి టోపీ, బెల్టు ఇచ్చేశారు. బయటికి వచ్చాక నేను రాసిన అయిదు ఇంగ్లీషు దరఖాస్తుల సంగతి కూడా చెప్పేశాను. తర్వాత వాడు, "అయిదోది సదువు, సూద్దాం," అన్నాడు. ఇంగ్లీషు దరఖాస్తు చదివాను. సగం దాకా విని, "ఇదెవుడి గురించి అక్కా?" అన్నాడు. ఇద్దరం పిచ్చివాళ్లలా నవ్వాం. గేటు దగ్గర సెంట్రీ కూడా నవ్వాడు, ఎందుకో తెలియకపోయినా.

అమ్మ ఇచ్చిన రెండో మూట ఫల్గుణ సుబేదార్ మేజర్‌కి ఇచ్చాడు.

ఆగస్టు 23

ఊళ్లో అందరికీ ఫల్గుణ గెలిచాడని చెప్పాను. కవరు సంగతి తప్ప అన్నీ చెప్పాను. రేపు మళ్లీ వెళ్తాను. గాసి మామకి కబురు పెట్టాను, కోర్టు పెట్టమని. ఎవరి మీద అని అడిగాడట. నా మీదే అని చెప్పమన్నాను.

ఆగస్టు 24

నాయుడు, దిశారి, బారిక, మేనమామ. ఊరంతా. మొత్తం వందకి పైనే. ఇంతమంది ఉండే కోర్టు ఏ సైన్యంలోనూ లేదు!

లేచాను. "నాదే తప్పు. ఫల్గుణ ఉత్తరం నేనే దాచాను."

అమ్మ తలెత్తి చూసింది.

"ఎందుకు సేసినావు?" అన్నాడు గాసి మామ.

ఆర్మీ కోర్టులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న. మా కోర్టులో అందరూ ముందుకు వంగి వినే ప్రశ్న. దిశారి తాత నాకు ఎదురుగానే కూర్చున్నాడు, చెవి నా వైపు తిప్పి.

"మిమ్మల్ని చూసి సిగ్గుపడ్డాను," అన్నాను. "మనం కట్టిన తాడు చూసి నవ్వుతారని."

"నవ్వినారా?" అన్నాడు దిశారి తాత.

"లేదు తాతా."

చాలాసేపు మాట్లాడుకున్నారు. నన్ను మూడుసార్లు లేపారు, మూడుసార్లు కూర్చోమన్నారు. చివరికి గాసి మామ శిక్ష చెప్పాడు. ఏడాది పాటు ఊళ్లో ఎవరికి కాగితం కావాలన్నా నేనే రాయాలి. వాళ్లు ఏ మాట చెబితే ఆ మాటే రాయాలి. ఒక్క ముక్క మార్చకూడదు.

"ఇంగిలీసు అడిగితే?" అన్నాను.

"అడగంలే," అన్నాడు.

మొదటి కాగితం అమ్మది, అక్కడికక్కడే. దిశారి తాత పక్కన కూర్చున్నాడు, నేను మార్చకుండా చూడటానికి. ఆయనకి చదవడం రాదు. అయినా చూస్తూ కూర్చున్నాడు.

అమ్మ చెప్పింది, నేను రాశాను:

ఒరే ఫల్గునా, నాను అమ్మని. కాపీ తోటలో కాయ బాగున్నాది. ఆవు ఈనినాది. జొరం మల్లీ రాలేదు. మీ అక్కకి నోరెక్కువ, బుర్ర తక్కువ. నీ ఉత్తరం దాసీసింది. దాసీసింది గానీ, సింపీలేదురా. రెండు రోజులు రైల్లో ఒడిలో ఎట్టుకుని నీకాడికి తెచ్చినాది. దాన్నేటి అనకు.

"రాసినావా?" అంది అమ్మ.

"రాశానమ్మా."

"సదువు."

చదివాను. ‘దాసీసింది’ దగ్గర ఆగిపోయాను. అమ్మ ఆగింది, తాత ఆగాడు. రెండోసారి మొదటి నుంచి చదివాను, ఒక్క ముక్క మార్చకుండా.